లేసు సూదిలో త్రాంబిన్

నరసాపురం రేవులో పంటు కదిలింది. నేవీ సైంటిస్ట్ పల్లంరాజు రెయిలింగ్‌కి ఆనుకుని నది చూస్తున్నాడు. వెనకనుంచి ఎవరో తగిలారు.

"సారీ అండి," అంది ఆడగొంతు.

మోచేతి దగ్గర చీమ కుట్టినట్టయింది. మరుక్షణం అతను గుండె పట్టుకుని కూలిపోయాడు. ముఖం నీలమైంది. పంటు అవతలి ఒడ్డు చేరేసరికి ప్రాణం లేదు. హార్ట్ ఎటాక్ అని డాక్టరు కంటే ముందే జనం తేల్చేశారు.

మర్నాడు రాజమండ్రి లాడ్జి గదిలో చీఫ్ జగన్నాథరావు, ఏజెంట్ జీవరాజుని కూర్చోబెట్టాడు.

"అది హత్యోయ్. ఆయుధం త్రాంబిన్."

"విషమాండి?"

"కాదు, మన ఒంట్లోదే. గాయమైతే రక్తం గడ్డకట్టించే ఎంజైమ్. అదే పని గుండె రక్తనాళంలో చేసిందా, గుండెపోటు! లేసు కొనే విదేశీ కంపెనీ ముసుగులో ఓ ముఠా, బోలు లేసు సూదిలో దాన్ని నింపి మన సైంటిస్టుల నరాల్లోకి ఎక్కిస్తోంది. ఇక నేవీ రాడార్ కోడ్ తెలిసిన సైంటిస్టుల్లో సంపూర్ణమ్మగారొక్కరే మిగిలారు. ఆవిడకి ఇవాళ నిజంగానే గుండెపోటు వచ్చింది."

"వాళ్లకి శ్రమ తగ్గిందన్నమాట."

"వెటకారాలొద్దు. గడ్డ కరిగించే మందు ఐసు డబ్బాలో ఆవిడున్న నర్సింగ్ హోమ్‌కి వస్తోంది. దాని బదులు త్రాంబిన్ పెట్టాలని వాళ్ల ప్లాన్. ముఠాలో మన మనిషి దుర్గాశ్రీ నీకక్కడ కలుస్తుంది. కోడ్, 'బొమ్మిడాయిలు పులుసుకా, ఇగురుకా?' జవాబు, 'వేపుడుకి.'"

జీవరాజు మనసు కీడు శంకించింది. పులుసు పెట్టాల్సిన బొమ్మిడాయి చేపల్ని వేపుడు చేసే మనిషిని ఎలా నమ్మడం?

ఆక్సిజన్ సిలిండర్ మోసేవాడి వేషంలో అతను నర్సింగ్ హోమ్‌లోకి వెళ్లాడు. ఎర్రటి ఉప్పాడ చీరలో దుర్గాశ్రీ ఎదురొచ్చింది. ఆమె అందానికి ఇద్దరు పేషెంట్లు లేచి కూర్చున్నారు. జీవరాజు బొమ్మిడాయిల ప్రశ్న వేశాడు.

"వేపుడుకి," అంది గుసగుసగా. "స్టోర్‌రూమ్. త్వరగా!"

లోపల ఆరడుగుల విదేశీయుడు ఐసు డబ్బా తెరిచి, చేతిలోని సీసా అందులో పెట్టబోతున్నాడు. జీవరాజు సిలిండర్ విసిరాడు. మోకాలు ఫట్‌మంది. కింద పడుతూనే వాడు కత్తి దూశాడు. జీవరాజు ముంజేయి చీలి, గోడ మీదికి రక్తం చిమ్మింది. అతను సిలిండర్ అందుకుని వాడి తల మీద రెండు దెబ్బలేశాడు. మూడోది అవసరం లేకపోయింది.

ఈలోగా డబ్బా తిరగబడింది. రెండు సీసాలూ ఐసునీళ్లలో దొర్లాయి. లేబుళ్లు నాని ఊడిపోయాయి. చూడ్డానికి రెండూ ఒకటే.

డాక్టర్ హెలెన్ పరిగెత్తుకొచ్చింది. "మందేదండీ? ఆవిడ చేయి దాటిపోతున్నారు!"

"కుడివైపుది. నా కళ్లారా చూశాను," అంది వెనకే వచ్చిన దుర్గాశ్రీ.

హెలెన్ గబగబా సెలైన్ కలిపి సిరంజిలోకి తీసింది. గుమ్మం దాటబోతుండగా జీవరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క చుక్క ఇవ్వండి డాక్టరుగారూ. రెండోదాంట్లోంచి కూడా."

స్టీలు ట్రే మీద తన రక్తాన్నే రెండు మడుగులుగా కారనిచ్చాడు. ఏ వైపు సీసాది ఆ వైపు మడుగులో, చెరో చుక్క పడింది. ఎడమవైపు మడుగు చారులా జారుతూనే ఉంది. కుడివైపుది చూస్తుండగానే జున్నుముక్కలా బిగుసుకుంది.

జీవరాజు తలెత్తాడు. తనని ఇటు పంపింది ఆ కత్తికి బలివ్వడానికేనని అర్థమైంది. దుర్గాశ్రీ చేతిలో లేసు సూది మెరిసింది.

"సారీ అండి," అంటూ అతని మెడ మీదికి దూకింది.

అతను ఆమె మణికట్టు మెలితిప్పాడు. ఎముక విరిగింది. సూది ఆమె మోచేతి నరంలోకే దిగింది. ఉప్పాడ చీర నలగకుండానే ఆమె నేలకి ఒరిగింది. ముఖం పల్లంరాజు ముఖంలాగే నీలమైంది.

హెలెన్ ఆ సిరంజి పారేసి, ఎడమవైపు సీసాతో పరిగెత్తింది. సంపూర్ణమ్మగారికి మందు ఎక్కింది, నొప్పి తగ్గింది. కళ్లు తెరవగానే కాఫీ అడిగారు. చక్కెర తక్కువైందని వంక కూడా పెట్టారు.

జీవరాజు రక్తం ఆగకపోయేసరికి, హెలెన్ కుడివైపు సీసాలోది గాజుగుడ్డ మీద పోసి గాయానికి అదిమింది. రక్తం టక్కున ఆగింది.

"నరంలోకి వెళ్తే యముడు, గాయం మీద వేస్తే మందండి," అంది.

చీఫ్ ఫోన్ చేశాడు. "బాగా రక్తం పోయిందటగా! కట్టు ఎవరు కట్టారు?"

"డాక్టరుగారేనండి. మందు మాత్రం శత్రువులే పంపారు. పాపం, ఐసులో పెట్టి మరీ!"