పార్వతి ఓటు

"ఓ కురుమూర్తీ, బొక్కెన ఇంక బావిలనే ఉన్నదా?"

పార్వతి అట్లా కేక వేస్తే నాగర్‌కర్నూలులో ఆ వాడంతా అరుగుల మీదికి వచ్చేది. పెళ్లికాని పిల్ల ఎదిగిన మగవాణ్ణి పేరు పెట్టి పిలవడమేమిటని ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. పైగా అతను ఆమె తండ్రికి పోటీగా బల్దియా, అంటే మునిసిపాలిటీ, మెంబరుగిరికి నిలబడ్డవాడు.

తండ్రి రామచంద్రయ్య తొమ్మిదేళ్లుగా మెంబరు. తొమ్మిదేళ్లూ మంచినీళ్ల బావి తవ్విస్తానంటూనే ఉన్నాడు. వాడ మాత్రం ఉప్పునీళ్లే తాగుతోంది. కురుమూర్తి పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు చేసేవాడు, వాళ్లకు వరస కలిసే దూరపు చుట్టం. వెనక ఏ పార్టీ జమాతూ లేదు, ఏ దొరా లేడు. మంచినీళ్ల బావి అన్న ఒక్క మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

మొదటిరోజు అతను పార్వతి వాకిట నిలబడి ఓటు అడిగితే ఆమె బిందె చేతికిచ్చింది.

"తొమ్మిదేండ్లు మాటలు విన్నం. ముందు ఒక బిందె తోడి చూపెట్టు."

చేంతాడు తెగి బొక్కెన బావిలో పడింది. మర్నాడు కొక్కేల పాతాళగరిగెతో వచ్చి దాన్ని తీశాడు. ఆ తర్వాత తీయడానికి ఏమీ లేకున్నా రోజూ వచ్చాడు.

పార్వతికి ఓటుండడం తండ్రి చలవే. అవ్వ పోతూ పోతూ తన ఇల్లు మనవరాలి పేరున రాసింది. ఇంటిపన్ను కట్టేవాళ్లకే ఓటు కదా, ఒకటి కలిసొస్తుందని రామచంద్రయ్య పందొమ్మిదేళ్ల కూతురికి ఓటు వయసు వచ్చేటట్టు ఇరవై ఒకటని రాయించాడు.

ఓట్లకు వారం ఉందనగా పార్వతి పిలుపు ఆగిపోయింది. ఎదురుపడితే తల వంచుకుని పోతోంది. తప్పనిసరైతే "ఏయ్, నిన్నే" అంటోంది. తండ్రి బెదిరించి ఉంటాడని, ఆ ఓటు పోయినట్టేనని కురుమూర్తి అనుకున్నాడు. సంత బేరంలో తువాలు కింద ఎదుటివాడి వేలు కదిలితే ధర పసిగట్టే మనిషికి ఈ సంగతి అంతుపట్టలేదు.

ఆ రోజుల్లో వాళ్ల ఊళ్లో ఓటంటే చీటీ కాదు. ఓట్లు రాసుకునే సర్కారు గిర్దావరు అమానుల్లా మేజా బల్ల ముందు నిలబడి పేరు నోటితో చెప్పాలి. పొద్దు వాలేసరికి ఇద్దరికీ అరవై రెండేసి వచ్చాయి. మిగిలినవి తండ్రీకూతుళ్ల ఓట్లే. రామచంద్రయ్య మీసం దువ్వుకుంటూ కూతుర్ని ముందుకు పంపాడు.

"పేరు చెప్పమ్మా," అన్నాడు గిర్దావరు. "మీ నాయనకేనా?"

పార్వతి తల అడ్డంగా ఊపింది.

రామచంద్రయ్య చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. కురుమూర్తి కూర్చున్న బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"అయితే ఆ రెండో ఆయన పేరు చెప్పు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గిర్దావరు రెండుసార్లు అడిగాడు. నోటితో చెప్పకుంటే ఓటు బేకార్ అవుతుందని చెప్పాడు.

"నెల దినాలు వాడంత వినేటట్టు పిలిచినవు గద?" అన్నాడు గిర్దావరు.

"అప్పుడు వేరే," అంది నేల చూస్తూ. "ఇప్పుడు నా నోటికి రాదు."

గుంపులోంచి ముసలి ఎంకమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "ఓ సాబ్, మీ ఇంట్ల బేగం మీ పేరు పెట్టి పిలుస్తదా? గిట్ల నలుగుర్ల ఆ పిల్లనెందుకు పరేషాన్ చేస్తరు?"

గిర్దావరు కలం జారి మేజా మీద సిరా ఒలికింది. అందరికన్నా బిత్తరపోయింది కురుమూర్తి. ఆమె ఆ ఒక్క మాట అనకపోతే తను ఓడిపోతాడని అతనికి తెలుసు. అయినా ముందుకొచ్చాడు.

"ఒద్దు సాబ్. ఆమెను ఇంక అడగకుండ్రి. ఆ ఓటు పోనీ."

అమానుల్లా ఆ ఓటును కొట్టివేశాడు. ఇక రామచంద్రయ్య తన పేరు తాను చెప్పుకుంటే చాలు, గెలుపు ఆయనదే. ఆయన మేజా దాకా వచ్చి కూతురి వంక చూశాడు. గెలుపు వదులుకుని నిలబడ్డ ఆ ఎడ్ల బేరగాడి వంక ఇంకాసేపు చూశాడు.

"నా బిడ్డ చెప్పగూడదు. మామ అల్లుని పేరు చెప్పొచ్చు గద? రాసుకో, కురుమూర్తి."

గిర్దావరు నమ్మలేదు. జర సోంచాయించి చెప్పమన్నాడు.

"సోంచాయించే చెప్తున్న. మెంబరుగిరి ఇల్లు దాటి పోదు. బావి తిట్లు ఇగ వాడు తింటడు."

ఆ సాయంత్రం ఉప్పునీళ్ల బావి దగ్గర కురుమూర్తి పార్వతి బిందె నింపిపెట్టాడు. ఆ ఒక్క మాట అంటే ఏం పోయేదని ఆమెను అడిగాడు.

"అంటే నువ్వు పరాయోనివైతవు."

ఎవరూ లేరు కదా, ఒక్కసారి తన పేరు పెట్టి పిలవమన్నాడు.

పార్వతి చుట్టూ చూసి, నవ్వు ఆపుకుని బిందె చూపించింది.

"ఏయ్ మెంబరూ, ఎత్తు."