కాసులమ్మ వీడియో

పొద్దున్నే వంటింటి గట్టు మీద ఫోన్ ఆనించి, బీరకాయలు తరుగుతూ సుప్రియ పాఠం వింటోంది. ఎమ్మే ఇంగ్లీషు ప్రవేశపరీక్షకి ఆన్‌లైన్ క్లాసులవి. ఈరోజు పాఠం పాతకాలం ఇంగ్లీషు కవి ఒకాయన గురించి. తన పద్యాలనీ బొమ్మలనీ రాగిరేకుల మీద తనే తీర్చి అచ్చువేసి, భార్యతో కలిసి రంగులద్దేవాడట. చిన్నప్పుడు చెట్టు నిండా దేవదూతలు కనిపించారని ఇంట్లో చెబితే, అబద్ధమని తండ్రి కొట్టబోయాడట. తల్లి అడ్డుపడిందట.

సుప్రియ పెరట్లోకి చూసింది. అత్తగారు కాసులమ్మ జామచెట్టు కింద కూర్చుని కొమ్మలతో మాట్లాడుతోంది. మామగారు పోయినప్పటినుంచీ ఆమెకి అక్కడ తెల్లబట్టలవాళ్లు కనిపిస్తారు, భజన చేస్తారు. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటూనే ఉంది, వాళ్లూ వస్తూనే ఉన్నారు.

క్లాసు అయిపోగానే దానంతటదే ఇంకో వీడియో మొదలైంది. అదే జామచెట్టు. చిరుగు జాకెట్టు, జారిన పైట, గాల్లో చేతులు తిప్పుతున్న అత్తగారు. వెనక వెకిలి సంగీతం. పెట్టింది నానాజీ, తన భర్త! ఆ పైట గురించి ఎవడో రాసిన మాటకి నానాజీ నవ్వు బొమ్మ కూడా పెట్టాడు.

నానాజీ స్నానం చేసి వచ్చి టిఫినడిగాడు. ఆమె కదల్లేదు.

"ఏటే, అలా సూత్తన్నావు?"

"మీ మొహం చూస్తుంటే రోత పుడుతోంది." ఫోన్ అతని ముందుకి తోసింది.

"ఓస్, ఇదా! నవ్వుకోడానికి పెట్టేను. కొట్టుకాడ, బెల్లం మార్కెట్లో అందరూ సూసేరు."

"కన్నతల్లిని చూసి ఊరు నవ్వుతుంటే మీరూ పళ్లికిలించారా? చెట్టు మీద దేవదూతల్ని చూసినాయన గురించి పాఠాలు చెబుతున్నారు తెలుసా?"

"ఆయన దొర, కవి. మా అమ్మకి మతి సలించింది. రెండూ ఒకటేనేటి?"

"కాకపోతే పోనివ్వండి. మతి చలించిన మనిషికి పైట సర్దాలా, వీడియో తీయాలా?"

నానాజీ గొంతు పెంచబోయి ఆగిపోయాడు. గుమ్మంలో కాసులమ్మ.

"ఏటర్రా గొడవ? ఏదీ, నన్నూ సూడనీ," అంటూ ఫోన్ తీసుకుంది. వీడియో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. చూస్తూ చూస్తూనే ఆమె ఒంటి మీది పైట భుజం నిండా లాక్కుంది.

"బజారోళ్లందరూ సూసీసేరా, నానాజీ?"

అతను ఫోన్ వెనక్కి తీసుకోబోయాడు.

"ముందే సెప్పుంటే మంచి జాకెట్టు ఏసుకుందును కదరా. నీ అమ్మ చిరుగు గుడ్డల్తో ఉందంటే నీకే గదా నామోషీ."

తల్లి తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాడేమో. ఆ మాటకి మాత్రం ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసులమ్మ కంగారుపడి అతని తల నిమిరింది.

వీడియో తీసేశాడు కానీ, అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో పోయింది. కొట్టుకి వెళ్లకుండా నడవాలో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "మా అమ్మ వీడియో నీ ఫోన్లోంచి తీసీ బావా... నవ్వకు బావా, దండమెడతాను."

సుప్రియకి అసహ్యం పూర్తిగా పోలేదు. మధ్యాహ్నానికి అతని గొంతు బొంగురుపోయింది. కంచంలో అన్నం కలిపి తెచ్చి పక్కన పెట్టింది.

"తిని, మళ్లీ చేయండి," అంది.