దింపుడు కల్లం పక్క చీకటిగది

నల్గొండలో ఆ జాగా పేరెత్తితే ఇప్పటికీ కొందరు మాట మారుస్తారు. చూడ్డానికి ఏమీ ఉండదు. ఊరి చివర, శ్మశానానికి పోయే బాట పక్కన, చదునుగా ఇంత నేల. చెట్టు లేదు, బావి లేదు, పాడుబడ్డ ఇల్లు అసలే లేదు. అయినా పొద్దు గూకితే అటు మనిషి పోడు. ఎందుకంటే అది దింపుడు కల్లం.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పాడెను మోసుకుపోతూ దారిలో ఒకచోట దింపుతారు. డప్పులు ఆపుతారు. కన్నవాళ్లో, కట్టుకున్నవాడో పీనుగ చెవి దగ్గర వంగి, పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా కొట్టుకుంటుంటే పలుకుతుందేమోనని ఒక ఆశ. పలకదు. ఏడుస్తూ మళ్లీ ఎత్తుకుంటారు.

ఆ ఒక్కచోట మాత్రం పలుకుతుందని ఊళ్లో చెప్పుకునేవారు. నువ్వు విన్నావా అంటే ఎవరూ ఒప్పుకోరు, పక్కవాడు విన్నాడంటారు. నాకు ఇట్లాంటి కబుర్లంటే ఒళ్లు మంట. కానీ ఈ ఒక్కదాని దగ్గర నా నోరు మూతపడుతుంది... ఇది నాకు చెప్పింది మా బడిలో డ్రాయింగ్ నేర్పిన యాదమ్మ టీచరమ్మ. లేనిపోనివి కల్పించే మనిషి కాదు, అసలు మాట్లాడటమే తక్కువ.

అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. యాదమ్మ కేతేపల్లి నుంచి వచ్చి నల్గొండలో డ్రాయింగ్ క్లాసులో చేరింది. మాస్టరు క్లాసంతటికీ ఒక పని పెట్టాడు. గుడి శిల్పాల పెద్ద పుస్తకం ఒకటి ఉంది, అందులోంచి తలా ఒక బొమ్మకు అచ్చమైన నకలు తెచ్చుకోవాలి, దాని మీద గళ్లు గీసి పెద్ద కాగితం మీదికి దించాలి. నకలు చూపించనివాళ్లు పరీక్షకు కూర్చోవద్దన్నాడు. యాదమ్మ తండ్రి ముందే చెప్పి పంపాడు, ఈసారి గట్టెక్కకపోతే చదువు చాలించి నాట్లకు రమ్మని.

పుస్తకం ఉన్నదేమో ఆ దింపుడు కల్లం పక్కన అప్పట్లో ఉన్న చిన్న గ్రంథాలయంలో. ఊళ్లో ఎవరూ చోటివ్వకపోతే, ఎవరికీ అక్కరలేని చోట కట్టారు దాన్ని. వెనక గది గోడ దాటితే పాడె దింపే నేలే.

లైబ్రేరియన్ రఘుపతి సారు మంచి మనిషి. పుస్తకం బయటికి ఇచ్చే వీలు లేదు గానీ పిల్లలందరికీ నకళ్లు ఇక్కడే తీయిస్తానన్నాడు. పట్నం నుంచి తెప్పించిన పెట్టె ఒకటి వెనక గదిలో ఉంది. లోపల బల్బు, పైన అద్దం. మందు పూసిన కాగితాన్ని పేజీకి ఆనించి, పెట్టెలో కాసేపు వెలుతురు చూపించి, తర్వాత చీకట్లో రెండు తొట్లలో ముంచాలి. మొదటి తొట్టిలో బొమ్మ తేలుతుంది, రెండో తొట్టిలో కుదురుకుంటుంది. నడుమ బయటి వెలుతురు సోకిందా — కాగితమంతా బొగ్గు. అందుకే ఆ గదికి లోపలి గడియ పెట్టి, వెంటిలేటరుకు నల్లగుడ్డ కొట్టి, ఒక్క ఎర్ర బల్బు మాత్రం ఉంచారు.

మందుల ఘాటుకు లోపల ఎవరికైనా కళ్లు తిరుగుతాయేమోనని సారుకు భయం. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. ఆయన నడుమ నడుమ బయటి నుంచి పేరుపెట్టి పిలుస్తాడు. లోపలివాళ్లు తలుపు తీయకుండానే ‘ఆఁ’ అనాలి. పలికితే మనిషి బాగున్నట్టు.

ఈ పద్ధతి నౌకరు కురుమయ్యకు నచ్చలేదు. పగలంతా పిల్లలకు తొట్లు నింపిపెట్టేవాడు, కాగితాలు కోసిచ్చేవాడు, దీపాలు పెట్టే వేళకు మాత్రం ఉండేవాడు కాదు. సారు ఆటపట్టిస్తే ఒకటే మాట అనేవాడు.

“మీరు నవ్వుండ్రి సారూ. గీడ పొద్దుగూకినంక పిలిస్తే పలుకొద్దు, గంతే.”

అందరి నకళ్లూ అయ్యాయి, యాదమ్మది మిగిలింది. పొద్దున గడియ సరిగా పడక, ఎవరో తొందరపడి తలుపు తోస్తే ఆమె కాగితం పాడైపోయింది. ఇక డబ్బాలో ఒక్కటే కాగితం. మర్నాడు బడి గంటకు మాస్టరుకు చూపించాలి. అప్పటికే చీకటి పడుతోంది. ఎంతసేపైనా సరే ఉంటాను, కాగితం కడుక్కొని రా తల్లీ అని సారు ముందుగదిలో కూర్చున్నాడు. యాదమ్మ లోపలికి పోయి గడియ పెట్టింది.

వెలుతురు చూపించింది. కాగితాన్ని మొదటి తొట్టిలో జారవిడిచింది. ఎర్రటి మసక వెలుగులో నీళ్ల అడుగున ఏమీ లేదు... కొంచెంసేపటికి ఒక కనుబొమ్మ. తర్వాత ఒక కన్ను. ఆటకత్తె శిల్పం అది.

అప్పుడు దూరంగా డప్పులు వినిపించాయి.

దగ్గరికి వచ్చాయి. గోడ కదిలిపోతుందా అన్నంత దగ్గరికి వచ్చి... ఒక్కసారిగా ఆగిపోయాయి. యాదమ్మ తొట్టిని మెల్లగా ఊపుతూనే ఉంది. ఆమె ధ్యాసంతా ఆ కాగితం మీదే.

“యాదమ్మా...”

సారు అనుకుంది. “ఆఁ” అంది.

బయట చప్పుడు లేదు. ఏడుపు కూడా లేదు. తొట్టిలో ముక్కు తేలింది, పెదవులు తేలుతున్నాయి.

“యాదమ్మా...”

ఇందాక వినబడలేదేమో పాపం అని ఈసారి గట్టిగా, “ఆఁ... ఉన్న” అంది.

అన్నాక తెలిసింది ఆమెకు. పిలుపు తలుపు దిక్కు నుంచి రాలేదు. వెనక గోడలోంచి వచ్చింది. అది సారు గొంతు కాదు — ఆడమనిషి గొంతు, ఏడ్చి ఏడ్చి పగిలిపోయిన ముసలి గొంతు. కురుమయ్య మాట గుర్తొచ్చింది. తడిచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. మందు చేదు నాలుకకు తగిలింది.

“యాదమ్మా... నా బిడ్డా...”

ఊపిరి బిగబట్టి నిలబడింది. చెవుల్లో తన గుండె చప్పుడే. అంతలో బయట ఒక్కసారిగా కేకలు, ఉరుకులు, ఏదో నేల మీద పడ్డ చప్పుడు. తలుపు తీసుకొని పారిపోదామని గడియ దాకా పోయింది. కానీ కాగితం ఇంకా మొదటి తొట్టిలోనే ఉంది. ముందుగదిలో లాంతరు వెలుగుతోంది. తలుపు తీస్తే ఆ ముఖం నల్లబడిపోతుంది, దానితో పరీక్ష పోతుంది, ఈ ఊరు పోతుంది. వెనక్కి వచ్చింది. కాగితాన్ని రెండో తొట్టిలో వేసి, పెదవి విప్పకుండా నిలబడింది.

బయట సారు గొంతు వినబడింది. ఎవరికో ఏదో నచ్చజెబుతున్నాడు. చాలాసేపటికి డప్పులు మళ్లీ మొదలై దూరంగా సాగిపోయాయి.

నకలు చక్కగా వచ్చింది. దాన్ని తీగకు ఆరేసి యాదమ్మ గడియ తీసేసరికి సారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో నవ్వు, జాలి రెండూ ఉన్నాయి. భయపడకు, ఏం లేదు అంటూ జరిగింది చెప్పాడు. పొలంలో పురుగు ముట్టి, అంటే పాము కరిచి, పక్క వాడ కోడలు చనిపోయిందట. తమ్ముడు షోలాపూర్ నుంచి రావాలని శవాన్ని ఆపి, చీకటిపడ్డాక తీశారట. ఆమె పేరు యాదమ్మేనట. గుట్ట నరసింహస్వామికి మొక్కుకొని ఆ పేరు పెట్టని ఇల్లు ఈ జిల్లాలో ఏదుంది గనక. తల్లి పిలిచిందట, గోడవతల ఈ యాదమ్మ పలికిందట. మోసేవాళ్లు అక్కడే వదిలేసి ఉరికారట.

“నేనే ఉరికిపోయి చెప్పిన. దయ్యం కాదు, ఏం కాదు, లోపట మా పిల్ల ఉన్నది, ఆమె పేరు గూడ యాదమ్మే అని. అప్పుడు మళ్ల వచ్చి ఎత్తుకున్నరు.”

యాదమ్మ ఇంతేనా అనుకుంది. సిగ్గుపడి నవ్వింది కూడా.

“ముసలామెనే జర మొండికేసింది” అన్నాడు సారు లాంతరు అందుకుంటూ. “కడపటిసారి పలికింది నా బిడ్డెనే, గోడ కాదు అని పాడె ఇడవలే. పాపం, కన్నకడుపు గదా. మూడుసార్లు పలికింది మా పిల్లనే అమ్మా అని చేతులు ఇడిపించి పంపిన.”

యాదమ్మ నవ్వు ఆగిపోయింది.

“సార్... నేను రెండుసార్లే పలికిన.”

సారు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా, లాంతరు పట్టుకొని చీకట్లో ఆ బాట వెంట పరుగెత్తాడు. యాదమ్మ గడప దాకా వచ్చింది. శ్మశానం దిక్కున అప్పటికే మంట లేచి ఉంది.