నేనొప్పను

జోలగూడు ఎవరి జోలికీ పోదని దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పేవారు. పిల్లల జోలికి మాత్రం పోయేది. దాన్ని చేసిందే అందుకు.

ఆ ఉదయం కాకినాడ పిల్లల ఆసుపత్రిలో పదేళ్ళ తరళ మోకాళ్ళు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుంది. బ్లడ్ కేన్సర్. వెన్నులో సూదిమందు వేయాలి. పైనుంచి గాజు బుట్టలాంటి జోలగూడు మెల్లగా దిగుతోంది. తండ్రి గవర్రాజు మంచం పక్కనే నిలబడ్డాడు. ఎప్పుడూ గుమ్మం దాకానే రానిచ్చేవారు. ఈసారి పోట్లాడి లోపలికొచ్చాడు. కాజాల కొట్టు నడిపే మనిషి కనుక జోకు కూడా కాజాదే మొదలుపెట్టాడు.

"ఒకడు కొట్లో కాజా కాజేశాడంట..."

నర్సు రూతమ్మ ఫక్కున నవ్వింది.

తరళ తల తిప్పింది. "జోకు ఇంకా అవ్వలేదు కదా సిస్టర్. ఎందుకు నవ్వారు?"

రూతమ్మ నాలిక కరుచుకుంది.

జోలగూడు తరంగాలు తలకు తగిలితే చాలు, నిద్ర వచ్చేస్తుంది. నొప్పి తెలియదు. లేచాక ఆ గదిలోకి వచ్చిన సంగతి కూడా గుర్తుండదు. సూదీ లేదు, తర్వాత దాని సోదీ లేదని ఊరంతా మెచ్చుకుంది.

"నాన్నా, ఇది నాకు ముందే చెప్పావా?"

"వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర చెప్తానమ్మడూ. సగంలో తలుపేసేస్తారు. మిగతాది లేచాక చెప్తానంటాను. లేచాక నువ్వు అడగవు."

తరళ గూడును తోసి లేచి కూర్చుంది. "వీపు నాది, సూది నాకు, కబుర్లేమో మీకా? నడుముకి తిమ్మిరి మందు ఎక్కించండి చాలు. నిద్ర వద్దు."

డాక్టర్ మందహాస పేరులో మందు నిజం, హాసం అబద్ధం. ఆమె నవ్వకుండానే చెప్పింది. "పదేళ్ళు నిండాయి కాబట్టి కాదనే హక్కు నీకుంది. పడుకుని గూడుకి వినిపించేలా చెప్పు."

తరళ పడుకుని గట్టిగా చెప్పింది. "నేనొప్పను."

"నొప్పి వినబడింది," అంది గూడు తీయగా. "నిద్రపో బంగారం."

కోపం కళ్ళలో ఉండగానే ఆ కళ్ళు మూతపడ్డాయి.

"అదేంటండీ," అన్నాడు గవర్రాజు. "ఒప్పనంటే నొప్పంటదేంటి?"

భయపడ్డ పిల్లలు నొప్పి ఉన్నా లేదంటారు. అందుకని వాక్యాన్ని పట్టించుకోవద్దనీ, 'నొప్పి' అన్న చప్పుడైతే చాలు నిద్రపుచ్చమనీ గూడుకు నేర్పారు. 'నేను'కీ 'ఒప్పను'కీ మధ్య ఒక సంధి పొంచి ఉందని నేర్పినవాళ్ళకు తట్టలేదు.

రూతమ్మ గొంతు తగ్గించింది. "ప్రతిసారీ ఇంతేనండి. మీ కాజా మాట తలుచుకుని నేను నవ్వేస్తాను, పాప పట్టేసుద్ది, లేచి కూర్చుంటది, నేనొప్పను అంటది. లేచాక మర్చిపోద్ది కదా అని ఊరుకున్నాం, ఆయ్."

గవర్రాజుకు మాటతో ఆడుకోవడం తప్ప ఏమీ రాదు. సూది పని అయ్యేదాకా పిల్ల పాదం పట్టుకుని నిలబడ్డాడు.

తరళ కళ్ళు తెరిచింది. "అయిపోయిందా? నేనేమైనా అన్నానా?"

ఏమీ అనలేదని చెప్తే గవర్రాజుకి సరిపోయేది. "నేనొప్పను అన్నావు," అన్నాడు. "వచ్చిన ప్రతిసారీ అన్నావంట."

తరళ తండ్రి వైపు తిరిగింది. "ఎవరైనా విన్నారా?"

"ఇవాళ నేను విన్నాను."

"అయితే నువ్వే గుర్తుపెట్టుకో. నాకు ఉండనివ్వరు."

మళ్ళీ సూది రోజు వచ్చినప్పుడు గవర్రాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పక్కన తరళ చేతులు కట్టుకుని ఉంది. గొడవ గుర్తులేదు గానీ, నాన్న చెప్పిన గొడవపడే హక్కు గుర్తుంది.

"డాక్టరమ్మగారూ, గూటికి తెలుగు రాదు, సరే. మీకొచ్చు కదండీ. మా పిల్ల ఒప్పదు. ఒప్పదన్నది మీరు వినేదాకా ఆ మంచం ఎక్కదు."

"విన్నాను," అంది మందహాస. "పోయినసారే వినాల్సింది. దానికి నేర్పినవాళ్ళతో మాట్లాడాను. ఇకమీదట అది అడిగి తెలుసుకుంటుంది."

తరళ మంచం ఎక్కాక గూడు దిగింది. "నేనొప్పను," అంది తరళ.

గూడు క్షణం ఆగింది. "నొప్పా? ఒప్పవా?"

"ఒప్పను. తిమ్మిరి చాలు."

నడుము మొద్దుబారింది. వెనక డాక్టరు వేళ్ళు కదులుతున్నట్టు తెలిసింది, అంతే. తరళ తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఊఁ, ఇప్పుడు చెప్పు. చివరిదాకా."

"ఒకడు కాజా కాజేశాడంట. పోలీసులు పట్టుకుని, ఎందుకురా దొంగతనం అన్నారంట. దొంగతనం కాదండీ, చెవుడండి, కొట్టాయన కాజా, కాజా అని అరుస్తుంటే నాకు కాజెయ్, కాజెయ్ అని వినపడిందండి అన్నాడంట."

వెనకనుంచి మందహాస నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చింది. "నన్ను నవ్వించకండి, సూది తీస్తున్నాను," అంది నవ్వుతూనే.

తరళ నవ్వలేదు. "అంతేనా? ఇన్నాళ్ళూ పోట్లాడింది దీనికా? ఇంకోసారి చెప్తే నేనొప్పను నాన్నా."

గూడు వెంటనే అందుకుంది. "నొప్పా? ఒప్పవా?"

"జోకు నొప్పి," అంది తరళ. "నిద్రకి ఒప్పను."