పసిడిచెవి చెప్పిన అబద్ధం

రెండు వేల డెబ్బై నాలుగులో, వాన పడిన మర్నాడు ఎర్రదొడ్డిలో ఎవరూ ఇంటిపట్టున ఉండరు. తెల్లారేసరికి ఆరేడు వందల మంది చేలల్లోకి దిగి, చేతికర్రల్లాంటి యంత్రాలను నేలకు బెత్తెడు ఎత్తున అటూ ఇటూ ఊపుతూ, ఇయర్‌ఫోన్లలో వచ్చే చప్పుడు తప్ప మరో లోకం లేనట్టు నడుస్తుంటారు. ఎప్పుడో మూసేసిన బంగారు గనుల చుట్టూ ఉన్న ఆ ఎర్రనేలను ప్రభుత్వం జనానికి వదిలేసి పదేళ్లయింది. ఎవరికి దొరికింది వాళ్లది.

ఆ యంత్రం పేరు పసిడిచెవి. దాన్ని తయారుచేసిన హంపమ్మకు యాభై నాలుగేళ్లు. రాయదుర్గం పక్క పల్లెలో పుట్టి, బెంగళూరులో భూభౌతికశాస్త్రం చదివి, ఇరవయ్యేళ్లుగా ఈ ఒక్క పనిమీదే ఉంది. పసిడిచెవికి మూడు శ్రుతులు. తారశ్రుతి అంటే హై ఫ్రీక్వెన్సీ. ఆవగింజంత రవ్వను కూడా పట్టుకుంటుంది కానీ జానెడు లోతు దాటదు. మంద్రశ్రుతి లోతుకు పోతుంది, చిన్నవాటిని వదిలేస్తుంది. ఎర్రమట్టిలోని ఇనుపరజను వల్ల ఈ రెండూ గోల పెడితే, కరెంటును తునకలుగా పంపి, మట్టి రొద చల్లారాక వినే స్పందశ్రుతి ఉంది. వీటన్నిటికీ పైన జల్లెడ మీట. అది వేసి ఉంటే మేకులు, విరిగిన పారలు, సీసా మూతలు ఏవీ వినబడవు. ఆ మీట తీసి తిరిగే మనిషిని హంపమ్మ ఇంతవరకూ చూడలేదు.

ఈ ఏడు ఆమె కొత్తగా చేర్చింది ఉమ్మడి జ్ఞాపకం. ఒక యంత్రం పట్టిన చోటు మిగతావాటికీ తెలుస్తుంది. జనం ఎక్కడ ఎంత పట్టుగా తవ్వుతున్నారో చూసి యంత్రాలు తమ అంచనాను దిద్దుకుంటాయి కూడా. లెక్క కన్నా మనిషి చెయ్యి నమ్మదగిందని ఆ నియమం రాసింది హంపమ్మే. తన చోటు పక్కవాడికి తెలుస్తుందంటే మొదట ఎవరూ ఒప్పుకోలేదు. పక్కవాడి చోటు తనకూ తెలుస్తుందన్నాక అందరూ ఒప్పుకున్నారు.

అది ఎలా పనిచేస్తుందో చూడడానికి ఆమె ఆ రోజు ఎర్రదొడ్డి వచ్చింది. పక్కన కుళ్ళాయప్ప ఉన్నాడు. ఆ ఊరివాడే, యంత్రాలు బాగుచేస్తాడు.

పది గంటలప్పుడు చేల పక్కనున్న వంకవాగు వైపు నుంచి బరువైన చప్పుడు వచ్చి నేల ఒకసారి అదిరింది. అక్కడ పాత గని సొరంగం ఉంది. కంచె తెంపి రసూల్, అతని భార్య మాబున్ని ఇద్దరూ పొద్దున్నే లోపలికి పోయారని, బయట కూర్చున్న రసూల్ తల్లి గుండెలు బాదుకుంటూ చెప్పింది. సొరంగం నోరు మట్టితో మూసుకుపోయింది. రక్షణ దళం జిల్లా కేంద్రం నుంచి రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు.

కుళ్ళాయప్ప తాత ఆ గనిలో పనిచేసినవాడు. లోపల గాలి ఎంతసేపు ఉంటుందని హంపమ్మ కుళ్ళాయప్పను అడిగింది.

“గంట. మించితే గంటన్నర,” అన్నాడు. “లోపల మూడు పాయలుండాయి మేడమ్. వాళ్లు యాడుండారో తెలీకుండా యాడని తవ్వేది?”

వంకలో అప్పటికే పదిమంది యంత్రాలు ఊపుతున్నారు. ఒక్కటీ పలకడం లేదు. కారణం హంపమ్మకు వెంటనే తట్టింది. లోపలున్న ఇద్దరి ఒంటిమీదా బంగారం లేదు.

ఒక యంత్రం లాక్కుని జల్లెడ మీట తీసేసి మంద్రశ్రుతిలో పెట్టింది. చెవులు పగిలేంత రొద. తుప్పుపట్టిన పట్టాలు, గిలకలు, గొలుసులు. ఒక్కో అడుగే వేస్తూ విన్నది. పట్టాల చప్పుడు మారదు, ఒకే తీరుగా ఉంటుంది. నలభై అడుగుల అవతల, ఎడమ ఒడ్డు కింద ఒక చప్పుడు మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. మూడుసార్లు, కాస్త ఆగి మళ్లీ మూడుసార్లు. లోపల ఎవరో గడ్డపార ఎత్తి కొడుతున్నారు. లోతు పదిహేను అడుగులని యంత్రం చూపించింది.

కుళ్ళాయప్ప చేలల్లోకి పరుగెత్తి కేకలు వేశాడు. పదిహేనుమంది వచ్చారు. నూరుమంది కావాలి. మిగిలినవాళ్లు పైన నెర్రెలిచ్చి ముందుకు వాలిన ఒడ్డును చూసి ఆగిపోయారు. దళం వస్తుంది కదా అన్నారు కొందరు. ఇట్లాంటి వాన పదును సాయంత్రానికి ఉండదని ఇంకొకడు వెనక్కి మళ్లాడు. వాడు చెడ్డవాడేం కాదు. తన నీళ్ల సీసా రసూల్ తల్లి చేతిలో పెట్టి మరీ వెళ్లాడు.

అరగంట గడిచింది. లోపలి దెబ్బలు మూడు నుంచి రెండయ్యాయి. తరువాత ఒకటి.

హంపమ్మ ఒక రాయిమీద కూర్చుని టాబ్లెట్ తీసింది. యంత్రాల ఉమ్మడి జ్ఞాపకంలోకి నేరుగా రాయగల తాళంచెవి ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది. ఎడమ ఒడ్డు కింద, పదిహేను అడుగుల లోతున, గట్టి బంగారం, ఒకటిన్నర కిలో అని రాసింది.

కుళ్ళాయప్ప ఆమె భుజం మీదుగా చదివాడు. “అది అబద్ధం కదా మేడమ్?”

“అవును,” అని ఆమె మీట నొక్కింది.

ఆరువందల పసిడిచెవులు ఒక్కసారి మోగాయి. చేలల్లో వంగి ఉన్న తలలన్నీ లేచాయి. మరుక్షణం జనం పారలు, గంపలు పట్టుకుని వంకలోకి దూకారు. ఒడ్డువైపు ఎవరూ చూడలేదు. ఒడ్డు కూలితే బంగారం మట్టిపాలవుతుందని కుళ్ళాయప్ప కూడా ఒక అబద్ధం ఆడి, కంచె రాళ్లతో, గుడిసెల తలుపులతో ఊతాలు పెట్టించాడు. ముప్పావుగంటలో గుంత మనిషి నిలువుకు రెండింతలైంది. పైనుంచి గడ్డలు పడుతున్నా ఒక్కరూ పక్కకు తప్పుకోలేదు.

అప్పుడు అడుగున మట్టి లోపలికి జారి, రంధ్రంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. మాబున్నిది. ఆమె వెనక రసూల్‌ను లాగారు. కుడికాలు నలిగింది, ప్రాణం ఉంది. కొందరు ఏడ్చారు. ఎవరో తలగుడ్డ విప్పి మాబున్నికి కప్పారు. ఇద్దరినీ జీపులో ఆసుపత్రికి పంపారు.

జీపు మలుపు తిరగ్గానే జనం మళ్లీ గుంతలోకి దిగారు.

హంపమ్మ ఒడ్డెక్కి నిజం చెప్పింది. ఇక్కడ బంగారం లేదని, మీరు రావాలని తానే రాశానని, వెంటనే పైకి రమ్మని వేడుకుంది. ఓబులమ్మ అనే ముసలామె గంప దించి ఆమెను జాలిగా చూసింది.

“మట్టికింద మనుషుల్నే కనిపెట్టిన మిషను, బంగారం కాడ అబద్ధం చెప్తుందా తల్లీ?”

హంపమ్మ తాను రాసింది చెరిపేసింది. యంత్రాలు మోగడం ఆపలేదు. ఆరువందల మంది అంత పట్టుగా తవ్విన చోటు తప్పయ్యే వీలు లేదని అవి అప్పటికే నేర్చుకున్నాయి. మనిషి చేతినే నమ్మమని చెప్పింది తనే. చివరికి మొత్తం వ్యవస్థనే ఆపేసింది. వంకలో చప్పుడు ఆగిపోయింది. పారలు ఆగలేదు. ఆపేశారంటే ఇంకెంత ఉందో అనుకున్నారు.

పన్నెండున్నరకు రక్షణ దళంతో వచ్చిన పోలీసులు లాఠీలు ఎత్తి అందరినీ పైకి తోలారు. ఒంటిగంటకు ఒడ్డు మొత్తం విరిగి గుంత నిండిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా ఆ మట్టికుప్పను చూస్తూ ముఖాలు వేలాడేసుకోనివాళ్లు లేరు.

మధ్యాహ్నం హంపమ్మ ఆసుపత్రికి వెళ్లింది. రసూల్‌కు ఆపరేషను జరుగుతోంది. మంచం మీద మాబున్ని, గోళ్లలో ఇంకా మట్టితో, పైకి చూస్తూ పడుకుని ఉంది. ఈ ఒక్క మనిషికైనా నిజం తెలియాలనుకుని హంపమ్మ అంతా చెప్పింది. యంత్రానికి వినబడింది ఆమె గడ్డపారేనని, పదిహేను అడుగుల లోతున బంగారమన్న మాట తన కల్పనని చెప్పింది.

మాబున్ని ఆమె చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. “మీ అబద్ధంతోనే బతికినాం మేడమ్,” అంది. చాలాసేపు ఏడ్చింది.

తరువాత కళ్లు తుడుచుకుని, తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

“పదిహేను అడుగులంటే, మేము కూచున్న చోటికి ఇంకా కిందనా మేడమ్?”