పొయ్యి మీది బుట్ట

బుట్ట పోయింది మంగళవారం పొద్దున. థోమ్ వాగులో జిగురు బియ్యం కడుక్కుని, మోకాళ్ళ దాకా తడిసి ఇంటి మెట్లెక్కేసరికి, పొయ్యి మీద దూలానికి ఖాళీ కొక్కెం వేలాడుతోంది.

బుధవారం మొదటి బస్సుకే ఆమె కావ్ బాంగ్ పట్నం చేరింది. ప్రైవేటు డిటెక్టివ్ వియెన్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. వియెన్ సహాయకుడు సాంగ్ టీ పోసి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, ఆ పని మానేశాక వియెన్ దగ్గర చేరిన మనిషి. ఆవిడ అడిగే ప్రశ్నలు వినడం అతనికి ఇష్టం. ఆవిడ ఎదుటివాళ్ళని ఎప్పుడూ తొందరపెట్టదు.

"బుట్టలో ఏమున్నాయమ్మా?" అంది వియెన్.

"ఆకుబిళ్ళలక్కా. సారా కాయడానికి అన్నంలో కలిపేవి. ఇరవై నాలుగు." థోమ్ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "మా అత్తయ్య పోయి ఎనభై మూడు రోజులైంది. నూరో రోజున ఆవిడ బిళ్ళలతో కాసిన సారాయే ఆవిడకి పొయ్యాలి. అన్నం పులవడానికే పదమూడు రోజులు కావాలి. మిగిలింది పదిహేడు."

"ఇంకెవరి బిళ్ళలైనా తెచ్చుకోకూడదా?"

"తేవచ్చు. అప్పుడది వాళ్ళింటి సారా అవుతుంది."

ఆ ఊళ్ళో ప్రతి ఇంటి బిళ్ళకీ వేరే వాసన ఉంటుంది. బియ్యప్పిండిలో ఆకులు నూరి కలిపి, బిళ్ళలు చేసి, పైన పాత బిళ్ళ పొడి చల్లి గడ్డి మీద పండబెడతారు. పాతదాని ప్రాణం కొత్తదానిలోకి వస్తుంది. ఒక్కసారి తెగిపోతే ఆ వరస మళ్ళీ అతకదు.

"పోయిన బిళ్ళలు ఎవరు చేసినవి?"

"నేనే. అత్తయ్య పోయిన రెండు వారాలకి చేశాను. బిళ్ళలు పండే గదిలోకి మగవాళ్ళు రాకూడదని తలుపుకి కొమ్మ కట్టాను." ఆమె గొంతు తగ్గించింది. "రెండు రోజులు బూజే రాలేదక్కా. ఎవరికీ చెప్పలేదు. చేతకాదని అంటారని భయమేసింది. నాలుగో రోజు పొద్దున చూస్తే తెల్లగా పట్టింది. అప్పుడు ఏడ్చాను."

"ఎవరిమీదైనా అనుమానమా?"

థోమ్ గ్లాసు కింద పెట్టింది. చివరికి, "మా ఆయన," అంది. "ఆయనకి అంగడి పొడితో సారా కాయాలని పిచ్చి. నిన్నటి నుంచి ఆయనతో మాట్లాడటం లేదు."

సాంగ్ మోటారు సైకిలు మీద వియెన్‌ని ఎక్కించుకుని బస్సు వెనకే ఊరు చేరాడు.

కర్రల మీద లేపిన ఆ ఇంటి పక్కనే రేకుల షెడ్డు. అందులో థోమ్ భర్త లువాంగ్ ఒక నీలం డ్రమ్ము మూత తీసి కర్రతో కలుపుతున్నాడు. లోపల నీళ్ళలో పచ్చి బియ్యం నురగలు కక్కుతోంది.

"అన్నం వండలేదా?" అన్నాడు సాంగ్.

"అక్కర్లేదన్నా. ఈ అంగడి పొడిలో ఈస్టుతో పాటు బూజు విత్తనం, ఎంజైమ్ కూడా ఉంటాయి. పచ్చి బియ్యాన్నే తీపి చేసి పులియబెట్టేస్తుంది. మోపెడు కట్టెలు మిగులుతాయి." లువాంగ్ చిన్న కాగితం పొట్లం చూపించాడు. "ఆరు నెలల నుంచి తంటాలు పడుతున్నా. ఒకసారి పుల్లగా వచ్చింది, ఒకసారి మాడు వాసన. మా అమ్మ ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, 'ఇది తాగితే దాహం తీరుతుందిరా, దుఃఖం తీరదు' అంది."

"పొట్లాలు ఎక్కడ పెడతావు?"

"ఆ పీట మీదే. ఎవరు తీస్తారు వీటిని? ఊరంతా నన్ను చూసి నవ్వుతుంటేనూ."

"బుట్ట నువ్వు తీశావా?" అంది వియెన్.

"అమ్మ వరస బిళ్ళలు నేనెందుకు తీస్తానక్కా? ఆ వాసన ఈ డ్రమ్ములోకి రప్పించాలనే కదా నా గోల." అతను మళ్ళీ కర్ర తిప్పడం మొదలుపెట్టాడు.

మామగారు ఫుంగ్ అరుగు మీద వెదురు చీలుస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి.

"పెద్దయ్యా, మీవాడే తీశాడంటున్నారు ఊళ్ళో," అంది వియెన్.

"వాడికి అంత తెలివెక్కడిది? పచ్చి బియ్యం తినే కోడి వాడు." ముసలాయన కత్తి ఆపలేదు. "కోడల్ని ఏమనకండమ్మా. చాలా కష్టపడింది. రెండు రోజులు గడ్డి మీద బోడిగా పడున్నా ఓపిక పట్టి, చివరికి పండించింది."

వియెన్ తల ఊపి ఇంట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద, కొక్కేనికి సరిగ్గా కింద, మాంసం ఆరబెట్టే తడక ఉంది. దాని మసి మీద రాలిన నాలుగు బిళ్ళ పలుకులు ఏరి కాగితంలో చుట్టింది. సాంగ్ చేత కొక్కెం తడిమించింది. దానికి కట్టిన పేము ఒకవైపు గోధుమరంగుకి తిరిగి చిట్లిపోయి ఉంది. అతని చేతిలో ఒక ముక్క విరిగింది.

పక్కింటి ఓన్ పిన్ని తలుపు దగ్గరే నిలబడి చూస్తోంది. వయసులో ఉన్నప్పుడు థోమ్ అత్తగారు సీవుతో పోటీపడి సారా కాసిన మనిషి.

"నన్ను కూడా అడుగు. మంగళవారం నేను పందులకి మేత వేస్తున్నా. సీవు బిళ్ళ నాకెందుకు? నా బిళ్ళ నాకుంది."

"అత్తగారు ఈ బుట్టని ఎప్పుడైనా దించేవారా పిన్నీ?"

"ఇంట్లో పెళ్ళైనా, కొత్త సంవత్సరమైనా, పెద్ద వంట ఉందంటే ముందు బుట్ట దించి గాదె పక్కన పెట్టేది. ఎందుకే అంటే నవ్వి ఊరుకునేది. గుట్టు మనిషి."

"ఆవిడ పోయినప్పుడు వంట ఇక్కడేనా?"

"ఇక్కడే. మూడు రోజులు పొయ్యి ఆరలేదు. రెండు వందల మంది తిన్నారు."

వియెన్ కాసేపు పొయ్యి వైపే చూసింది. తర్వాత థోమ్‌ని పక్కకి పిలిచి, "పాత బిళ్ళలు ఏమైనా మిగిలాయా?" అని అడిగింది.

థోమ్ లోపలికి వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చింది. అందులో సగం బిళ్ళ. "అత్తయ్య చేతిది. కొత్తవాటి మీద చల్లగా మిగిలితే దాచుకున్నాను. బుట్ట దొరక్కపోయినా దీనితో మళ్ళీ మొదలుపెడదామని." ఆమె మొహం అప్పుడే కాస్త తేరుకుంది. సాంగ్ ఎందుకో తల తిప్పుకున్నాడు.

వియెన్ మూడు గాజు గ్లాసులు అడిగింది. మొదటిదాంట్లో పచ్చి బియ్యప్పిండి, నీళ్ళు, తడక మీది పలుకులు. రెండోదాంట్లో పచ్చి పిండే, ఓన్ బిళ్ళ చిటికెడు. మూడోదాంట్లో వండిన అన్నం, సీవు బిళ్ళ చిటికెడు. మూడిటినీ అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అందరినీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టింది. లువాంగ్ ఒక పక్క, థోమ్ ఒక పక్క. మధ్యలో ముసలాయన. ఓన్ పిన్ని వక్క నములుతూ వచ్చి గోడకి ఆనుకుంది.

వియెన్ అలమర తెరిచి గ్లాసులు నేల మీద పెట్టింది. మొదటి గ్లాసులో నురగ అంచు దాటి కారుతోంది. రెండోది, మూడోది కదలకుండా ఉన్నాయి.

"ఆకుబిళ్ళ పచ్చి పిండిని ముట్టుకోదు. ఓన్ పిన్ని గ్లాసు చూడండి, పిండి అడుక్కి దిగి నిద్రపోతోంది. కానీ పోయిన బుట్టలోంచి రాలిన పలుకులు పచ్చి పిండిని పొంగించాయి. అంటే ఆ బిళ్ళల మీద ఉన్నది లువాంగ్ పొడి."

థోమ్ భర్త వైపు చూసింది. "నేను చల్లలేదు," అన్నాడు అతను.

"నువ్వు చల్లలేదు. ఆ పొట్లాలు ఎవరైనా తీసుకోవచ్చు. రెండు రోజులు బూజు రాలేదని థోమ్ ఎవరికీ చెప్పలేదు. మగవాళ్ళు ఆ గదిలోకి రారు. అయినా అవి బోడిగా పడున్నాయని ఒకరికి తెలుసు." ఆమె గొంతు మెత్తబడింది. "పెద్దయ్యా, మొన్న మీరే అన్నారు."

ఫుంగ్ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బిళ్ళల మీద కన్నున్నవాడైతే రెండు నెలల్లో ఎప్పుడైనా తీసేవాడు. థోమ్ బియ్యం కడిగిన రోజునే తీశారంటే, ఆ బుట్ట అక్కడ వేలాడటం వాళ్ళకి బాధ కాదు. వాటితో కాసిన సారాని ఆవిడకి పొయ్యడమే బాధ."

"వాగులో వేశాను," అన్నాడు ముసలాయన. "మూడో రోజు కోడలు పందుల మేతకి వెళ్ళినప్పుడు తలుపు సందులోంచి చూశాను. చచ్చిన పిల్లల్లా పడున్నాయి. ఆ పిల్ల తిండి మానేసింది. పొడి తెచ్చి చల్లాను. మర్నాడు అది ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, మంచి పని చేశాననుకున్నా." అతను అరచేతులు తొడల మీద రుద్దుకున్నాడు. "మంగళవారం కోడలు వాగుకి బియ్యం తీసుకెళ్తుంటే నా వల్ల కాలేదు. యాభై రెండేళ్ళు తన సారా నాకు పోసింది. తనకి అంగడి పొడి నేనెలా పొయ్యను?"

"చెప్పుండొచ్చు కదా మామయ్యా," అంది థోమ్.

"ఏమని చెప్పను తల్లీ? ఆవిడ రెండోసారి పోయిందని చెప్పనా?"

థోమ్ మూడో గ్లాసు వైపు చూసింది. అడగకముందే ఆమెకి అర్థమైనట్టుంది. అయినా అడిగింది. "అది అత్తయ్య బిళ్ళే కదక్కా. వండిన అన్నమే కదా. ఎందుకు కదలలేదు?"

వియెన్ విరిగిన పేము ముక్కని గ్లాసు పక్కన పెట్టింది. "వేడికి. నీ కొత్తవాటికి రెండు రోజులు బూజు రానిదీ అందుకే. ఆవిడ పోయిన మూడు రోజులూ ఈ పొయ్యి రెండు వందల మందికి వండింది. పాత బిళ్ళల బుట్ట పైనే ఉంది. పెద్ద వంట ఉన్నప్పుడల్లా దాన్ని దించే మనిషి ఒక్కరే. ఆ రోజు ఆ మనిషినే ఆ మూల పడుకోబెట్టారు."

లువాంగ్ లేచి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. థోమ్ జరగలేదు, అతని వైపు తిరగనూ లేదు.

"మంగళవారం పోయింది ఉత్త బుట్ట," అంది వియెన్. "అసలుది అంతకుముందే పోయింది. నేను తెచ్చివ్వగలిగింది ఏమీ లేదమ్మా."

ఇన్నాళ్ళలో ఆవిడ ఆ మాట అనడం సాంగ్ వినలేదు. కేసు తేలిపోయినా, మోటారు సైకిలు తాళంచెవి కోసం జేబులో వెతుకుతూ చాలాసేపు నిలబడిపోయాడు.

ఓన్ పిన్ని ఇంటికి వెళ్ళి వచ్చింది. అరటాకులో చుట్టిన రెండు బిళ్ళలు గడప మీద పెట్టింది. "నావి. సీవు బతికుంటే వీటిని కుక్కకి కూడా వెయ్యనిచ్చేది కాదు. అయినా పెట్టాను," అని వెళ్ళిపోయింది.

వాటిని ఎవరూ లోపలికి తీసుకోలేదు, తిరిగి ఇవ్వలేదు. కడిగిన బియ్యం బుధవారమే పులిసి పందులకి పోయింది. నూరో రోజుకి ఇంకా పదిహేను రోజులుంది. ఆ రోజు సీవు గిన్నెలో ఏం పొయ్యాలో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.