తలుపు తట్టే పాట

ఆమెను ఆ స్టూడియోలో అందరూ పెన్సిలు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది రికార్డింగ్ చేసే సొంత అక్కే. పెద్ద గాయకులు విని నేర్చుకోవడానికి ముందుగా డెమో పాడి ఇవ్వడం ఆమె పని. వాళ్ళొచ్చి పాడగానే ఈమె గొంతు చెరిపేస్తారు. "సిరాతో దిద్దాక పెన్సిలు గీత ఎవరికి కావాలే" అని అక్క ఏడిపించేది. పన్నెండేళ్ళుగా నవ్వి ఊరుకుంది గానీ, విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. తన గొంతు ఒక్కటంటే ఒక్కసారి బయటికి వెళ్ళాలి. అంతకన్నా ఏమీ కోరుకోలేదు పాపం.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆ వరం దొరికింది. కంపెనీవాళ్ళు ఒక పాత డెమో పంపించారు. ఎప్పటిదో, ఎవరు పాడారో తెలియదు, ఎప్పుడూ విడుదల కాలేదు. దాని మీద పెన్సిలు గొంతు కలిపి సాయంత్రానికల్లా ఇస్తే, చెరపకుండా అలాగే విడుదల చేస్తామన్నారు.

టేపు పెట్టె మీద "విడుదల చెయ్యొద్దు" అని నాలుగుసార్లు రాసి ఉంది. నాలుగూ నాలుగు చేతిరాతలు. సిరా ఎప్పుడో వెలిసిపోయింది.

"నాలుగోది అచ్చం నీ రాతలాగే ఉందే అక్కా."

"కోడి కెలికినట్టుంటే చాలు, నా రాతే అంటావు. లోపలికి నడు."

పాట మాత్రం ఎంత బాగుందో. మూడు ఆడగొంతులు కలిసి పాడుతున్నాయి. "తలుపు తియ్యవా, నేనింకా ఇక్కడే ఉన్నా" అని పల్లవి. ప్రియుడి కోసం ఎదురుచూసే పాట అనుకున్నారు అక్కాచెల్లెళ్ళు. తాళానికి డప్పూ లేదు, డ్రమ్మూ లేదు. ఎవరో చెక్క మీద అరచేత్తో కొడుతున్నట్టు టక్... టక్ టక్. వింటుంటే కాలు దానంతటదే ఆడుతుంది.

పాడే గది ఒక మంచం పట్టేంత ఉంటుంది. గోడలకీ తలుపుకీ మందపాటి మెత్తలు, ఒకవైపు రెండు పొరల అద్దం. మూసి ఉంచిన బట్టల పెట్టె వాసన. తలుపేస్తే సొంత గుండె చప్పుడు తప్ప ఏదీ వినబడదు. అద్దానికి అవతల అక్క బటన్ నొక్కితేనే ఆమె మాట ఇవతలికి వస్తుంది. హెడ్‌ఫోన్లలోని ఆ టకటకలు మళ్ళీ మైకులో పడకుండా అక్క ఒక ఏర్పాటు చేసింది. శ్రుతిలో ఉన్న పాట తప్ప మాటనిగానీ, దగ్గునిగానీ కంప్యూటరు రానివ్వదు. అక్కకి ఇంకో అలవాటు కూడా ఉంది. రికార్డింగప్పుడు కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంటుంది. మొహాలు చూసుకుంటే ఇద్దరికీ నవ్వాగదు, చిన్నప్పటినుంచీ అంతే.

మొదటిసారి పాడటం చక్కగా అయింది. పెన్సిలు హెడ్‌ఫోన్లు తీసి మెడ తుడుచుకుంది.

టక్... టక్ టక్.

హెడ్‌ఫోన్లు చేతిలోనే ఉన్నాయి. చప్పుడు తలుపు దగ్గర్నుంచి వస్తోంది. అవతలినుంచి కాదు... ఇవతలినుంచి.

వెళ్ళి పిడి తిప్పింది. పిడి ఊరికే గిరగిరా తిరిగింది. తలుపు కదల్లేదు.

"అక్కా, తలుపు రావట్లేదు."

అక్క వీపు కదల్లేదు. పెన్సిలు అద్దం మీద కొట్టింది. అక్క హెడ్‌ఫోన్లలో పాట మళ్ళీ పెట్టుకుని తాళానికి తల ఊపుతూనే ఉంది. పెన్సిలు తలుపు మీద రెండు చేతులా బాదింది. అరచేతులు మండాయి. తన దెబ్బలు... ఆ తాళంలోనే పడుతున్నాయి. వద్దనుకున్నా పడుతున్నాయి.

అప్పుడర్థమైంది. అది వాయిద్యం కాదు. అది ప్రియుడి పాటా కాదు.

పాడితే తప్ప అక్కకి వినబడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రాగంలోనే పాడింది. "తలుపు తియ్యవే అక్కా... నాకు భయంగా ఉంది..."

"భలే కలిపావే ఆ మాట," అంది అక్క గొంతు చెవిలో. "ఏడుపు నిజంగా ఉన్నట్టే ఉంది. ఇంకోసారి."

"వెనక్కి తిరగవే అక్కా... ఒక్కసారి తిరగవే..."

"తిరిగితే నవ్వేస్తావు. ఊఁ, కానియ్."

శ్రుతి తప్పితే అక్కకి చేరదని, శ్రుతి తప్పకుండా ఏడ్చింది. పక్కన ఎవరో ఊపిరి తీసుకున్నారు. చరణానికి ముందు పాడేవాళ్ళు తీసుకునే ఊపిరి... ఒకరు కాదు... ముగ్గురు.

పాట అయిపోయింది. అక్క నవ్వుతూ కుర్చీ తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

చూపు సూటిగా పెన్సిలు మీదే ఉంది. కానీ ఆ కళ్ళకి పెన్సిలు కనబడటం లేదు.

అక్క వచ్చి తలుపు లాగింది. ఇట్టే తెరుచుకుంది. "ఎక్కడికి పోయావే?"

"ఇక్కడే ఉన్నానక్కా..." తెరిచిన తలుపులోంచి బయటికి అడుగేసింది. ఆ అడుగు మళ్ళీ మైకు ముందే పడింది. ఇంకో అడుగు... మళ్ళీ మైకు ముందే. తలుపు మూసుకుంది.

అక్క వరండా, మెట్లు, వీధి అంతా వెతికి వచ్చింది. ఫోను చేస్తే పెన్సిలు ఫోను ఎదురుగా బల్ల మీదే వెలిగింది. ఆఖరికి కూలబడి, రికార్డు చేసినది పెట్టుకుని వింది. వింటూ వింటూ మొహం పాలిపోయింది. ఇప్పుడు వెనక్కి తిరిగింది. అద్దానికి చెయ్యి ఆనించి, ఖాళీ గదిని చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. ఇవతలినుంచి ఆ చేతికి తన చెయ్యి ఆనించింది పెన్సిలు. అద్దం చల్లగా ఉంది.

సాయంత్రం కంపెనీవాళ్ళు వచ్చారు. అక్క పాట ఇవ్వలేదు. గుమ్మంలోంచే తల అడ్డంగా ఊపి పంపేసింది. పన్నెండేళ్ళ కోరిక అక్కడితో సరి.

అక్క టేపు పెట్టె దగ్గరికి లాక్కుంది. పెన్ను మూత తీసి, తనూ ఆ మాటే రాయడానికి వంగింది. చెయ్యి గాల్లోనే ఆగింది. అచ్చం తన రాతలాగే ఉన్న ఆ వెలిసిపోయిన నాలుగో వరసని వేలితో తడిమి చూసింది. ఒకసారి. ఇంకోసారి.

ఏమీ రాయకుండానే పెన్నుకి మూత పెట్టేసింది.